నూట ఇరవైకీ, త కీ మధ్య

మార్చి 2, సోమవారం

ఈ పుస్తకం కొన్నది ఎవరినీ తిట్టకుండా ఉండటానికి. ఇంట్లో తిడితే మా ఆయన మొహం చిన్నబుచ్చుకుంటారు. ఆఫీసులో తిడితే ఉద్యోగం ఊడుతుంది. కాగితానికి ఆ బాధ లేదు, ఎంత తిట్టినా పడి ఉంటుంది.

తొందరయ్య ఇవాళ నా టేబుల్ దగ్గర కూర్చోనైనా కూర్చోకుండా పని అప్పజెప్పి వెళ్లిపోయాడు. మా బాసుకి ఆ పేరు నేను పెట్టుకున్నదే. పైకి ఎప్పుడూ అనలేదు, అనే రోజు వస్తుంది. నీళ్ల ప్లాంటు వాళ్ల కోసం మేం చేస్తున్న సాఫ్ట్‌వేరులో ఒక పెట్టె ఉంటుందట. అందులో ప్లాంటు కెమిస్టు తన ఫార్ములా తనే టైపు చేసుకోవాలి. నీళ్లు ఎంత వస్తున్నాయి, మోతాదు ఎంత కావాలి, నీళ్లలో కలిపే క్లోరిన్ మందు ఎంత తాజాగా ఉంది, ఇవి ఇస్తే లెక్క కట్టి క్లోరిన్ పంపు ఎంత జోరుగా తిరగాలో సాఫ్ట్‌వేరే చెప్పాలి. టైపు చేసిన ఫార్ములాని చదివి లెక్క కట్టే టూల్ మనం రాయక్కర్లేదు, ఎవరెవరో రాసిపెట్టినవి లోకంలో బోలెడున్నాయి. "వాటిలో ఒకటి చూసి పెట్టండి మేడమ్. బజారుకెళ్లి ఉల్లిపాయలు తెచ్చినంత పని" అన్నాడు. ఆ మనిషి ఎప్పుడైనా ఉల్లిపాయలు తెచ్చాడా? ఏరకుండా తెస్తే ఇంట్లో ఏమంటారో తెలుసా?

అసలు మంట అది కాదు. ఆ ప్లాంటులో కెమిస్టు మా వదిన. మా ఆయనకి అక్క అయినందుకు నాకు అత్తగారి కంటే ఎక్కువైపోయింది. పెళ్లి వద్దనుకుంది, తమ్ముడింట్లో ముందు గది ఆవిడది. పొద్దున్న లేస్తే గిన్నె ఎందుకు బోర్లించలేదు, కుళాయి ఎందుకు కారుతోంది, తువ్వాలు ఎక్కడ ఆరేశావు. నేనేమన్నా ఊరుకుంటానా, నేనూ అంటాను. ఈ కాంట్రాక్టు ఆవిడ మాట వల్లే మా కంపెనీకి వచ్చింది. ఆ సంగతి నేను మర్చిపోకుండా ఆవిడ చూసుకుంటోంది.

మార్చి 5

పొద్దున్న మళ్లీ గిన్నె గొడవ. ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. కింది వాటా మామ్మ ఎప్పటిలాగే కర్రతో కిటికీ ఊచ మీద కొట్టి, "ఇవాళ ఎవరు గెలిచారే?" అని కేకేసింది. వదిన "నేనే!" అని అరిచింది. అబద్ధం.

మార్చి 9

మూడు టూల్స్ మిగిలాయి. వాటి అసలు పేర్లు రాయను, రాస్తే ఇంకా మండుతుంది.

మొదటిది తొందరయ్య స్వయంగా చెప్పింది. మేం ప్రోగ్రాములు రాసే భాషలోనే ఉంటుంది, ఒక్క లైనుతో పని అయిపోతుంది. దానికి తలుపు లేని ఇల్లు అని పేరు పెట్టాను. పెట్టెలో ఏది టైపు చేస్తే అది చేసేస్తుంది. ఫార్ములా బదులు ఎవడైనా 'ఈ కంప్యూటర్లో ఉన్నవన్నీ చెరిపెయ్' అని రాసినా అంతే నమ్మకంగా చేస్తుంది. చేసి చూపించాను. తొందరయ్య తన డెస్క్‌టాప్ మీద ఫైళ్లు మాయమవడం చూసి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఈ నెలలో నాకు దక్కిన సంతోషం అదొక్కటే.

రెండోది హెడ్మాస్టరు. నెమ్మది. అనుమానం. బ్రాకెట్టు మూయకపోతే ఆగుతుంది, విలువ ఇవ్వకపోతే ఆగుతుంది, సున్నాతో భాగిస్తే ఆగుతుంది. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఎర్ర అక్షరాలతో చెబుతుంది. ఆ వాక్యాలు ఇంగ్లీషులో ఉంటే నేనే కూర్చుని తెలుగులో రాశాను.

మూడోది సర్దుబాటు మనిషి. చురుకు. ఎవరినీ నొప్పించదు. బ్రాకెట్టు మర్చిపోతే తనే మూసేస్తుంది. విలువ ఇవ్వకపోతే సున్నా అనుకుంటుంది. రెండింటి మధ్య గుర్తు లేకపోతే గుణకారం అనుకుని పోతూ ఉంటుంది. ఎంత మంచిదో! ఇలాంటి మంచి మనుషులని నేను చుట్టాల్లో చూశాను. పెళ్లి పనుల్లో అడక్కుండా అన్నీ సర్దేస్తారు, చివరికి తాళంచెవి ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు.

మైనస్ రెండు స్క్వేరు ఎంత అని అడిగితే ఒకటి నాలుగంటుంది, ఇంకొకటి మైనస్ నాలుగంటుంది. ఎవరికి వారు తమదే రైటంటారు. ఇది ఉల్లిపాయలు కొనడమట.

మార్చి 12

రిపోర్టు ఇచ్చాను. హెడ్మాస్టరే కావాలని రాశాను. ఒక వాక్యం కింద గీత కూడా గీశాను: మనిషి రాయనిదాన్ని తనంతట తాను ఊహించుకునే టూల్ మందులు పోసేచోట వద్దు.

తొందరయ్య మొదటి పేజీ చూసి "గుడ్" అన్నాడు. రెండో పేజీ అతని దగ్గరికి చేరేలోపు అతనే ఇంకో చోటికి చేరాడు.

మార్చి 17

ఇవాళ ప్లాంటులో డెమో.

పెద్ద గది, గోడకి తెర, ప్లాంటు సూపరింటెండెంటు, ఆయన కింద పనిచేసేవాళ్లంతా. వదిన చీర కొంగు దోపుకుని ముందుకొచ్చి ఫార్ములా టైపు చేసింది. కాగితం మీద ఆవిడ దాన్ని ఎప్పుడూ రెండంతస్తులుగా రాస్తుంది. గీత పైన నీళ్లు, మోతాదు. గీత కింద 120త. 120 అంటే కొత్త మందు బలం, త అంటే మందు తాజాదనం. కొత్త డ్రమ్ముకి ఒకటి, ఎండకి పాతబడేకొద్దీ తగ్గుతుంది. పాత మందుకి బలం తక్కువ కాబట్టి ఎక్కువ పోయాలి, అందుకే త గీత కింద ఉంటుంది. తెర మీద అంతస్తులు ఉండవు, అంతా ఒకటే వరస. ఆవిడ ఇలా కొట్టింది:

నీళ్లు × మోతాదు / 120త

హెడ్మాస్టరు ఆగింది. తెరంతా ఎర్రగా నేను రాసిన వాక్యమే: '120కీ, త కీ మధ్య ఏ గుర్తూ లేదు. మీ ఉద్దేశం చెప్పండి.'

ఎవరో నవ్వారు. వదిన వెనక్కి తిరిగి తెర వైపు కాదు, నా వైపు చూసింది.

"నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇలాగే రాస్తున్నా. రెండు పక్కపక్కనే ఉంటే గుణకారమని బడిపిల్లలకి కూడా తెలుసు. మీ పెట్టెకి చదవటం రాకపోతే అది నా తప్పా?"

"వదినా, అక్కడ ఒక బ్రాకెట్టు పెడితే..."

"ఇక్కడ వదినా గిదినా లేదు. కెమిస్టుని. ఇంట్లో ఒక పని చెప్తే పది వంకలు పెడుతుంది సార్, ఈవిడ చేసిన సాఫ్ట్‌వేరూ అంతే."

గదంతా నవ్వింది. సూపరింటెండెంటు కూడా. తొందరయ్య అందరికంటే గట్టిగా.

బయటికి రాగానే అతను అన్న మాట: "కస్టమరు ముందు ఎరుపు కనపడకూడదు మేడమ్. ఆ మూడోది ఉందిగా, సర్దుకుపోయేది. అది పెట్టేయండి."

"సార్, అది ఊహించుకుంటుంది..."

"ఊహించుకోనివ్వండి. అంత అనుభవం ఉన్నావిడ తప్పు రాస్తుందా? ఇంకోటి, ఆ అంకెలన్నీ తెర మీద ఎందుకు? పంపు జోరూ గీరూ తీసేయండి. లెక్క కుదిరితే ఒక ఆకుపచ్చ టిక్కు. చాలు."

ఇంకా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. ఎదురుగా వదిన సూపరింటెండెంటుతో నవ్వుతూ నడిచి వెళ్తోంది. మింగేశాను. ఆవిడకి కావాల్సింది అదే అయితే అదే ఇస్తాను. నాకేం.

మార్చి 18

మార్చాను. మధ్యాహ్నానికి అయిపోయింది. నాకేం.

మార్చి 20

పరీక్ష కూడా చేశాను. వదిన పంపిన నమూనా అంకెలతోనే. కొత్త డ్రమ్ము, త ఒకటి. ఆవిడ చేతి లెక్కలో పంపు జోరు అరవై, మా లెక్కలో అరవై. అక్షరం తేడా లేదు. వేరే అంకెలతో చూడాలంటే ఆవిడే పంపాలి. పంపలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు, ఆవిడతో నేను మాట్లాడటం లేదు.

మార్చి 26

మాట్లాడటం లేదంటే నిజంగానే లేదు. గిన్నె బోర్లించలేదు, చూసి ఊరుకుంది. ఆవిడ గదిలో లైటు వదిలేసి వెళ్లింది, నేను ఆర్పలేదు. మా ఆయనకి ఈ నిశ్శబ్దం మహా హాయిగా ఉన్నట్టుంది. ఆయన పని వెనక గదిలోనే, పాత కుట్టుమిషన్లు బాగుచేస్తారు. "ఇల్లు ఇల్లులా ఉంది" అన్నారు. ఒళ్లు మండింది.

మెట్లు దిగుతుంటే మామ్మ పట్టుకుంది. "ఏమే, ఊళ్లో ఉన్నారా లేరా? మీ గొంతులు వినపడక నాకు పొద్దు పోవట్లేదు."

"ఏం లేదు మామ్మా, బాగానే ఉన్నాం."

"బాగుంటే ఇంత చప్పుడు లేకుండా ఉంటారా?" అంది. బిందె పట్టుకోవడానికి కుళాయి దగ్గరికి తీసుకెళ్లమంటే తీసుకెళ్లాను. మా వీధి పైపు లైనుకి చిట్టచివర, ధార సన్నగా వస్తుంది. బిందె నిండేదాకా కూర్చోబెట్టి, తను వదిన వయసులో ఉన్నప్పుడు తన తోడికోడలి మీద ఎలా గెలిచిందో చెప్పింది. కాసేపు నవ్వాను. ఒప్పుకుంటున్నాను, నవ్వాను.

మార్చి 30

ప్లాంటులో పెట్టేశారు. పంపు ఇప్పుడు తాళం వేసిన పెట్టెలో ఉంటుంది, చేత్తో తిప్పే పని లేదు. తెర మీద ఆకుపచ్చ టిక్కు. తొందరయ్య ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాడు. నేను తీసుకోలేదు.

ఏప్రిల్ 13

ఎండలు మండిపోతున్నాయి. ఆఫీసులో ఏసీ పాడైంది, తొందరయ్య గదిలోది తప్ప.

ఏప్రిల్ 16

వదిన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ప్లాంటు అసిస్టెంటుతో ఫోనులో ఒకటే సణుగుడు. నా చెవులు నేను మూసుకోలేను కదా, వినపడింది.

"డ్రమ్ములు ఎండకి చచ్చిపోతున్నాయయ్యా. క్లోరిన్ పరీక్ష సీసాలో గులాబీ రంగు రావాల్సినంత రావట్లేదు. పొద్దున్న త తగ్గించి పెట్టా, రంగు రాలేదు. ఇంకా తగ్గించా, ఇంకా పలచబడింది. మందా నీళ్లా అది? నీకేం కనపడుతోంది అక్కడ? టిక్కు ఉందా? ఉంది కదా. మరి లెక్క సరిగ్గానే ఉన్నట్టు. సప్లయరుకి ఫోను చెయ్."

ఫోను పెట్టేసి నా వైపు ఒకసారి చూసింది. ఏదో అడగబోయినట్టే ఉంది. నేను పళ్లెం తీసుకుని లేచిపోయాను. సప్లయర్లంతా దొంగలే, అది నా పరిధి కాదు. నన్ను అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు. నాకేం.

ఏప్రిల్ 21

మా ఆయనకి వాంతులు, విరేచనాలు. లేచి నిలబడలేకపోతున్నారు.

ఇదంతా వదిన పనే. కూర మిగిలితే పారేయదు, పూటపూటకీ వేడి చేసి తమ్ముడికి వడ్డిస్తుంది. ఇన్నాళ్లకి నోరు తెరిచాను. "మీ ఆదా మీ తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చింది" అన్నాను. ఆవిడ కూర గిన్నె తీసుకెళ్లి చెత్తలో ఒంపేసి, గిన్నె కడిగి, బోర్లించింది.

గెలిచాను. ఏం గెలిచానో తెలియలేదు.

ఏప్రిల్ 22

ఆసుపత్రిలో చేర్చాం. సెలైన్ పెట్టారు. వరండాలో కూడా మంచాలు వేశారు. తెలిసిన మొహాలే ఎక్కువ, మా వీధి, వెనక వీధి. అంతమందికి మా వదిన కూర వడ్డించలేదు.

చివరి మంచం మీద మామ్మ. నన్ను చూసి చెయ్యెత్తబోయింది, చేతికి సూది ఉందని నర్సు పట్టుకుంది.

ఏప్రిల్ 24

ఆయన కాస్త తేరుకున్నారు. గంజి తాగారు.

మామ్మ పోయింది.

ఏప్రిల్ 27

ఆరోగ్య శాఖ వాళ్లు మా వీధి కుళాయి నీళ్లు పట్టుకెళ్లి చూశారు. క్లోరిన్ చుక్క లేదట, ప్లాంటులో పడిన కాస్తా పైపు చివరికి చేరేలోపే అయిపోయిందట. నేను ఆఫీసులో నీళ్లు తాగుతాను. వదిన ప్లాంటులో కుళాయి దగ్గరే సీసా నింపుకుని ఇంటికి తెచ్చుకుంటుంది. ఇంట్లోనే ఉండేది ఆయనొక్కరే.

ప్లాంటులో పంపు పెట్టె తాళం తీసి మళ్లీ చేత్తోనే తిప్పుతున్నారు. వదినకి ప్లాంటు నుంచి కాగితం వచ్చింది. మోతాదు వేయడంలో అశ్రద్ధ, విచారణ అయ్యేదాకా విధులకి రావద్దు. తప్పు రుజువైతే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు పెడతారట. ఆవిడ ఆ కాగితం మడిచి కళ్లజోడు డబ్బా కింద పెట్టి, తమ్ముడికి మజ్జిగ కలిపింది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం ఎంత చిరాకో. వంటింట్లో తలుపు విసిరి కొట్టాను, అది మళ్లీ తెరుచుకుంది, మళ్లీ కొట్టాను.

ఏప్రిల్ 28

పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే వదిన ముందు గది గుమ్మంలో నిలబడింది. ఆ డెమో తర్వాత నాతో నేరుగా మాట్లాడటం ఇదే.

"ఒక్కటి అడుగుతా, చెప్పు. త తగ్గిస్తే పంపు జోరు పెరగాలి కదా?"

"పెరగాలి."

"పెరిగిందా?"

నేను చెప్పులు వేసుకుంటున్నదాన్ని ఆగిపోయాను.

"నాకు కనపడలేదు. ఇదివరకు చేత్తో తిప్పేదాన్ని, ఎంత తిప్పానో చేతికి తెలిసేది. ఇప్పుడు మీ టిక్కు ఒక్కటే కనపడుతోంది. త తగ్గించినప్పుడల్లా రంగు పలచబడింది. మందు చచ్చిందనుకుని ఇంకా తగ్గించా. సగందాకా తెచ్చా. పంపు తిరిగిందా, తిరగలేదా?"

"చూసి చెప్తాను" అన్నాను. బస్సులో నిలబడ్డానో కూర్చున్నానో గుర్తు లేదు.

ఆఫీసులో ఎవరూ రాకముందే మెషిన్ తెరిచి ఆవిడ ఫార్ములా కొట్టాను. త ఒకటి పెట్టాను. అరవై. త సగం పెట్టాను.

ముప్పై.

జోరు రెట్టింపై నూట ఇరవై రావాలి. ముప్పై వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ ముప్పై. సర్దుబాటు మనిషి నూట ఇరవైకీ, త కీ మధ్య గుణకారం గుర్తు తనే పెట్టుకుని, ఎడమ నుంచి కుడికి చక్కగా నడుచుకుంటూ పోయింది. ముందు నూట ఇరవైతో భాగించింది, తర్వాత త తో గుణించింది. గీత కింద ఉండాల్సిన త గీత మీదికి ఎక్కింది. మందు పాతబడేకొద్దీ ఎక్కువ పోయాల్సింది పోయి తక్కువ పోసింది. ఆవిడ తప్పు దిద్దుదామని త ని తగ్గించినకొద్దీ ఇంకా తగ్గించింది. మందుకే సగం బలం, అది కూడా సగం జోరుతో. త ఒకటి ఉన్నంతకాలం ఎటు లెక్క కట్టినా ఒకటే జవాబు. నేను ఒకటితో చూశాను. ఒక్క ఒకటితోనే చూశాను.

తొందరయ్య రాగానే చూపించాను. మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. మొహం తుడుచుకున్నాడు. తర్వాత తేరుకున్నాడు, నాకు అసహ్యమేసింది అంత తొందరగా తేరుకున్నందుకు.

"ఫార్ములా టైపు చేసింది ఆవిడే కదా మేడమ్? గుర్తు పెట్టనిది ఆవిడే కదా? మనం రాసింది కాదే. అది యూజర్ తప్పు. ఎల్లుండి విచారణలో నేను మాట్లాడతాను, మీరు పక్కన ఉండి తల ఊపితే చాలు."

"ఆవిడ మా వదిన సార్."

"అదే నేను చెప్పేది. సొంత మనిషే ఒప్పుకుంటే ఇంకెవరూ ఎదురు మాట్లాడరు."

నా రిపోర్టులో గీత గీసిన వాక్యం గుర్తు చేశాను. "ఏ రిపోర్టు?" అన్నాడు.

ఏప్రిల్ 29

వదినకి ఏం చెప్పాలో తెలియక ఇంటికి ఆలస్యంగా వెళ్లాను. "చూశావా?" అంది. "చూస్తున్నాను" అన్నాను. నా మొహం చూసి ఇంకేం అడగలేదు. అడిగితే బాగుండేది.

ఏప్రిల్ 30

విచారణ అదే గదిలో. అదే తెర.

తొందరయ్య బాగా మాట్లాడాడు. అనుభవజ్ఞులు కూడా ఒక్కోసారి తొందరపడతారు అన్నాడు. తొందర గురించి అతను! టైపు చేయడంలో చిన్న పొరపాటు, సాఫ్ట్‌వేరు తనకి ఇచ్చిన లెక్క తను చేసింది, మా మేడమ్ కూడా ఇదే చెబుతారు, అని నా వైపు తిరిగాడు. వదిన నా వైపు తిరగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని బల్ల అంచు చూస్తోంది. ఎప్పుడూ ఎవరో ఒకరి తప్పు వెతికే ఆ కళ్లు అలా కిందికి ఉండటం నేను చూడలేకపోయాను.

లేచి నా ల్యాప్‌టాప్ తెరకి కలిపాను. హెడ్మాస్టరు తెరిచి ఆవిడ ఫార్ములా ఉన్నదున్నట్టు కొట్టాను. మళ్లీ అదే ఎరుపు, అదే వాక్యం. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇది నేను మొదట ఎంచుకున్న టూల్ సార్. మీరందరూ చూశారు. ఇది తనకి తెలియదని చెప్పింది. తెలియదన్నందుకు దీన్ని తీయించేశారు."

తర్వాత సర్దుబాటు మనిషిని తెరిచాను. టిక్కు వచ్చింది. ఆ టిక్కు వెనక మేం దాచిన అంకెని కూడా తెరిచాను. త ఒకటి పెట్టాను, అరవై. సగం పెట్టాను, ముప్పై. ఆ ముప్పై తెర మీద చాలాసేపు ఉంది.

సూపరింటెండెంటు కళ్లజోడు తీశాడు. "అంటే ఈ టూల్ తప్పా?"

"కాదు సార్. గుర్తు లేకపోతే గుణకారం అనుకుంటాను, ఎడమ నుంచి కుడికి పోతాను అని దాని వాడుక పుస్తకంలో మొదటే రాసుకుంది. దాన్ని తెచ్చి మందు పోసేచోట పెట్టడం తప్పు. పెట్టింది మా కంపెనీ. పంపు జోరు తెర మీద లేకుండా చేసింది మా కంపెనీ. త మార్చి చూడకుండా పంపింది నేను. ఈవిడకి కనపడిందల్లా టిక్కు. టిక్కుని నమ్మి తను చేయాల్సింది తను చేసింది."

"మేడమ్!" అని తొందరయ్య లేచాడు. "మీరు ఏం మాట్లాడుతున్నారో..."

"తొందరయ్యగారూ, కూర్చోండి" అన్నాను.

ఆ పేరు అంత మామూలుగా బయటికి వస్తుందనుకోలేదు. కూర్చున్నాడు కూడా.

తర్వాత ఏవేవో అడిగారు, చెప్పాను. వదిన మీద ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుంటామన్నారు. విచారణ ఇప్పుడు మా కంపెనీ మీదికి తిరిగింది, నా మీదికి కూడా. తిరగాల్సిందే.

వరండాలోకి వచ్చాం. వదిన కృతజ్ఞతగా చెయ్యి పట్టుకుంటుందని అనుకున్నానా? అనుకున్నాను. చెయ్యి పట్టుకుంది, పట్టుకుని గోడ వారకి లాగింది.

"అది ఊహించుకుంటుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఆ రోజే తెలుసా?"

"తెలుసు. ఇలా ఊహిస్తుందని చూడలేదు."

"మరి ఆ రోజు ఎందుకు నోరు మెదపలేదు?"

"మీరు అందరి ముందూ నన్ను అలా అన్నారు. నాకు..."

"అన్నాను! అంటాను! అంటే నువ్వు ఊరుకుంటావా? నువ్వెప్పుడు ఊరుకున్నావు చెప్పు! గిన్నె బోర్లించలేదన్నానని వీధి చివరికి వినపడేలా అరుస్తావే, ఊరంతా తాగే నీళ్ల దగ్గర గొంతు పడిపోయిందా నీకు? నా మీద అరవాల్సింది. వదినా, నీకు బుద్ధి లేదు, బ్రాకెట్టు పెట్టి తీరాలి అని నా జుట్టు పట్టుకుని చెప్పాల్సింది. ఆ రాత్రి ఇంటికొచ్చి నన్ను నాలుగు దులిపితే నేను వినేదాన్ని కాదా? తిట్టుకుంటూ అయినా వినేదాన్ని కదే!"

అటుగా పోతున్న ప్యూన్లు ఆగి చూశారు. ఇంటికొచ్చి ఈ పుస్తకం తెరిచాను. ఇంతకుముందు పేజీల్లో నాకేం, నాకేం అని ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. చింపేద్దామనుకున్నాను. ఉండనీ.

మే 6

ప్లాంటు వాళ్లు మార్పు నేనే వచ్చి చేయాలన్నారు, అందుకని తొందరయ్య నన్ను ఉద్యోగంలోంచి ఇంకా పంపించలేదు. పని కాగానే పంపిస్తాడు. పంపించనీ. వెళ్లేలోపు నా రిపోర్టు ఆఫీసులో ఉన్న అందరి బల్లల మీదా పెట్టి వెళ్తాను, రెండో పేజీ పైకి తిప్పి.

హెడ్మాస్టరుని పెట్టాను. వదిన కూర్చుని అలవాటుగా 120త అనే కొట్టింది. ఎరుపు వచ్చింది.

"చూశావా, మళ్లీ తిట్టింది."

"తిడుతుంది. మీరు రాసినంతకాలం తిడుతూనే ఉంటుంది."

పళ్లు కొరుక్కుంటూ బ్రాకెట్టు తెరిచి, నూట ఇరవై, ఇంటూ, త, బ్రాకెట్టు మూసింది. త ఒకటి, సగం, పావు, మూడింటితోనూ పక్కన కాగితం మీద లెక్క కట్టి చూసింది. నేనూ కట్టాను. పంపు జోరు తెర మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉండాలంది. ఇంత పెద్దగానా అన్నాను. అంతకంటే పెద్దగా అంది. ఆ మాట మీద కాసేపు వాదించుకున్నాం. ఆవిడ చెప్పినట్టే చేశాను.

మే 9

పొద్దున్నే గిన్నె గొడవ. నేను బోర్లించాననే అంటాను, ఆవిడ లేదంటుంది. ఆవిడ గదిలో రాత్రంతా ఫ్యాను తిరుగుతూనే ఉంది, అదీ ఎత్తాను. మాట మీద మాట పెరిగింది. మా ఆయన దిండు చెవుల మీద పెట్టుకుని అటు తిరిగి పడుకున్నారు. ఇద్దరం గొంతు తగ్గించలేదు. ఏదో అనబోయి ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం. వదిన కిటికీ వైపు చూసింది, నేనూ చూశాను.

ఎవరు గెలిచారని కిందినుంచి ఎవరూ అడగలేదు.